సోమవారం కేకు ఎవరు తేవాలి

మొన్న ఆదివారం మా మనవరాలి బేస్‌బాల్ ఆట చూడడానికి వెళ్ళాను. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బేస్‌బాల్ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు గానీ, అమెరికా సైన్యం ఎన్నో ఏళ్ళు ఈ ఊళ్ళో మకాం వేసి, పోతూ పోతూ ఈ ఆటను ఇక్కడే వదిలేసి పోయింది. సైనికులుండిన ఇళ్ళలో ఇప్పుడు విద్యార్థులూ చిన్నపిల్లల తల్లులూ అద్దెకుంటున్నారు, ఆట మాత్రం సాగుతూనే ఉంది. మా అమ్మాయికి ఆదివారం కూడా ఏదో పని తగలడంతో పిల్లను తీసుకెళ్ళే బాధ్యత నా మీద పడింది. తోడుగా మా ఇంటి పైగదిలో అద్దెకుండి ఇక్కడ మాస్టర్స్ చదువుతున్న కరీంనగర్ అమ్మాయి కూడా పులిహోర డబ్బా పట్టుకుని బయల్దేరింది.

బంతి విసిరేది మా పిల్లే. మొదట్లో బాగానే విసిరింది. తర్వాత ఎందుకో చెయ్యి పట్టు తప్పింది, బంతులు ఇష్టం వచ్చిన దారిన పోవడం మొదలుపెట్టాయి. అప్పుడు గట్టు పక్కన కూర్చున్న జట్టు మేనేజరు లేచాడు. ఆయన సైన్యంలో పనిచేసి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని, ఇక్కడే ఉండిపోయిన అమెరికన్ తాత. బొజ్జ మీద బొత్తాములు బిగుసుకుపోతున్నా పిల్లలు వేసుకున్న చారల బట్టలే ఆయనా వేసుకుంటాడు.

"ఆంటీ, గా తాతకి గా డ్రెస్సెందుకు? ఆయన గూడ ఆడ్తడా ఏంది?" అంది కరీంనగర్ అమ్మాయి.

ఆడడు, కానీ ఈ ఆటలో మేనేజరు కూడా ఆటగాళ్ళ బట్టలే వేసుకోవడం ఆనవాయితీ అని చెబుతుండగానే తాత తాపీగా నడుచుకుంటూ మైదానం మధ్యకు వెళ్ళి అరచెయ్యి చాపాడు. మా పిల్ల ఆ చేతిలో బంతి పెట్టి, తల వంచుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది. వేరే అమ్మాయి వెళ్ళి విసరడం మొదలుపెట్టింది. కరీంనగర్ అమ్మాయి పులిహోర నములుతూ చాలా మామూలుగా అడిగింది. "మంచిగనే ఏసింది గదా ఆంటీ. మళ్ళ స్పెల్ ఎప్పుడిస్తడు?"

సరిగ్గా ఇదే ప్రశ్న, ఇంచుమించు ఇదే అమాయకత్వంతో, ఇదే ఊళ్ళో నేను ఒకప్పుడు అడిగాను. దాని వల్ల నా ఉద్యోగమే కాదు, నా బతుకు దారే ఒక మలుపు తిరిగింది. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

అప్పుడు నేను ఇక్కడి ఒక పరిశోధన సంస్థలో పనిచేసేదాన్ని. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో తెలుగు మాట వినపడాలంటే అద్దం ముందు నిలబడి నేనే మాట్లాడుకోవాలి. కరివేపాకు కోసం ఫ్రాంక్‌ఫర్ట్ దాకా పోవాలి, అదీ వచ్చిన వారం దొరికితే దొరికినట్టు. ఇప్పటి పిల్లలు ఫోన్ నొక్కి కరివేపాకు తెప్పించుకుంటుంటే నాకు సంతోషంగానే ఉంటుంది, కొంచెం కడుపుమంటగా కూడా ఉంటుంది, అబద్ధమెందుకు చెప్పడం.

మా ల్యాబ్ వాళ్ళందరం మధ్యాహ్నం క్యాంటీన్‌లో కిటికీ పక్కనున్న పొడుగాటి బల్ల దగ్గర కలిసి తినేవాళ్ళం. శుక్రవారం ఇక్కడ చేపల రోజు. ఆ చేపలు తినే రోజునే మా బల్ల దగ్గర ఒక యుద్ధం జరిగేది. ప్రపంచ చరిత్రలో అందరికంటే గొప్ప బేస్‌బాల్ మేనేజరు ఎవరు? నేను చేరేనాటికే ఆ యుద్ధం ముదిరిపోయి ఉంది. ఓడిపోయినట్టు ఒప్పుకున్నవాళ్ళు సోమవారం నాడు కేకు చేసి తేవాలని నియమం. ఎవరూ ఒప్పుకున్న పాపాన పోలేదు కాబట్టి ఆ నియమం కింద ఒక్క కేకూ రాలేదు. పుట్టినరోజులకీ, కొత్త ఇంట్లో చేరినందుకూ వచ్చేవి. తెచ్చినవాళ్ళు మాత్రం, ఇది నేను ఓడిపోయినందుకు కాదు సుమా అని ముందే చెప్పి మరీ కత్తి తీసేవాళ్ళు.

యోధులు ముగ్గురు. నా పక్క బల్ల మీద పనిచేసే అమెరికన్ సహోద్యోగి ఒకడు. అతని లెక్కలో గొప్ప మేనేజరు అంటే డొంకతిరుగుడు మాటలతో విలేకరులను తికమకపెడుతూ, బాగా డబ్బున్న జట్టును ఏడాదికేడాది విజేతగా నిలబెట్టిన ఒక ముసలాయన. రెండో యోధురాలు మా ల్యాబ్‌లో సీసాల నుంచి పరికరాల దాకా అన్నీ తన చెప్పుచేతల్లో ఉంచుకునే పెద్దావిడ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజుల్లో, చిన్నపిల్లగా, సైనికుల శిబిరం కంచె పట్టుకుని వేలాడుతూ ఆట నేర్చుకున్న మనిషి. అంపైర్ల మీదకు కొట్లాటకు పోయే, పొట్టిగా కోపిష్ఠిగా ఉండే ఒక పాతకాలం మేనేజరు ఆవిడకు దేవుడు. మూడోవారు మా ప్రొఫెసర్‌గారు. వయసులో ఉండగా అమెరికా వెళ్ళి చదువుకుని, చదువుతోపాటు ఈ పిచ్చిని కూడా వెంట తెచ్చుకున్నారు. ఆయన ఓటు ఒక పొడుగాటి పెద్దమనిషికి. ఆ పెద్దమనిషి జీవితమంతా దాదాపు ఒకే జట్టుతో గడిపి, ఆటగాళ్ళ బట్టలు కాకుండా సూటు వేసుకుని కూర్చుని, చేతిలో కాగితం ఊపుతూ ఎవరెక్కడ నిలబడాలో చూపించేవాడట.

ఇందులో నాకు నవ్వొచ్చేది ఏమిటంటే, మా ప్రొఫెసర్‌గారు సూటు వేసుకోగా నేను ఎన్నడూ చూడలేదు. మిగతా ప్రొఫెసర్లు టైలు కట్టుకుని గదుల్లో కూర్చుంటే ఆయన మాలాగే తెల్లకోటు తొడుక్కుని, మాలాగే మరకలు చేసుకుని, మా మధ్యనే పనిచేసేవారు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. నాకు తెలియని విషయం మీద ఎవరైనా పోట్లాడుకుంటుంటే అక్కడి నుంచి కదలలేను. హనుమకొండలో మా నాన్నగారు రేడియో కిటికీలో పెట్టి క్రికెట్ కామెంటరీ వింటుంటే, మా అన్నయ్య వీధిలో పిల్లలకు లెగ్ స్పిన్ వేస్తుంటే పెరిగినదాన్ని. మా ఆటలో అన్నీ కెప్టెనే చూసుకుంటాడు, మేనేజరు అంటే సామాన్లు లెక్క చూసుకుని హోటల్ గదులు మాట్లాడే మనిషి. అలాంటి మనిషి గొప్పతనం గురించి ఇంత చదువుకున్నవాళ్ళు చేపలు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఎందుకు వాదించుకుంటున్నారో మొదట్లో నాకు అంతుపట్టలేదు. అడిగి అడిగి వాళ్ళ ప్రాణం తీశాక, బేస్‌బాల్‌లో ఎవరెప్పుడు ఆడాలో తేల్చేది మేనేజరేనని తెలిసింది. అమెరికన్ సహోద్యోగి చెప్పిన ఆ ముసలాయనే, ముసలితనంలో కొత్తగా పుట్టిన ఒక బీద జట్టుకు మేనేజరై, ఘోరంగా ఓడిపోయాడని తెలిసినప్పుడు నాకు మతిపోయింది. అదే మనిషి, అదే బుర్ర. అలాంటప్పుడు గొప్పతనం ఆయనలో ఉందా, ఆయనకు దొరికిన ఆటగాళ్ళలో ఉందా? సాయంత్రం నెకర్ నది పక్కన ఇంటికి నడుస్తూ ఇదే ఆలోచించేదాన్ని. నాకు మాత్రం వాళ్ళు ఓటు ఇవ్వలేదు. క్రికెట్ దేశం మనిషికి ఓటేమిటని పెద్దావిడ తేల్చేసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. రొట్టె పిండిని పులియబెట్టే ఈస్ట్‌లో ఉండే ఒక ఎంజైమును మిగతా చెత్త నుంచి వేరుచేసి శుద్ధంగా పట్టుకోవడం నా పని. అది వెచ్చదనం తగిలితే పాడైపోతుంది కాబట్టి పనంతా కోల్డ్ రూమ్‌లో, ఫ్రిజ్ లోపల నిలబడి చేసినట్టే చెయ్యాలి. చీర మీద స్వెట్టరూ, దాని మీద శాలువా, దాని మీద తెల్లకోటూ వేసుకుని లోపలికి పోయేదాన్ని. ఆ ఎంజైము దొరికితే నా పేరు మీద పేపరు వస్తుంది, నా కాంట్రాక్టు పొడిగిస్తారు. దొరక్కపోతే ఏడాది చివర కాంట్రాక్టు అయిపోతుంది, దానితోపాటు ఈ దేశంలో ఉండడానికి నాకిచ్చిన అనుమతి కూడా. మావారు అప్పుడు మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో పనిచేస్తూ వారానికోసారి రైల్లో వచ్చేవారు. మా అమ్మాయి, అంటే ఇప్పటి మనవరాలి తల్లి, అప్పుడు నెలల పిల్ల. పగలు పక్కింటి జర్మన్ బామ్మ చూసుకునేది, రాత్రంతా నేను చూసుకునేదాన్ని. నిద్ర అనేది ఇతరులు చేసే పనిలా ఉండేది నాకు.

ఆ సంగతి ఎవరికైనా చెప్పుకున్నానా అంటే, లేదు. చెప్పుకుంటే చేతకాదనుకుంటారని భయం. ఒక ఉదయం కోల్డ్ రూమ్‌లో గాజు గొట్టం ముందు నిలబడి, చుక్కలు పడడం చూస్తూ చూస్తూ, గోడకు ఆనుకుని కళ్ళు మూసేశాను. తెరిచేసరికి ఎదురుగా ప్రొఫెసర్‌గారున్నారు. కోప్పడలేదు. నా చేతుల వైపు చూశారు. అవి వణుకుతున్నాయి, చలికి అని నేనేదో గొణిగాను. ఆయన అరచెయ్యి చాపారు. ఆ గది తాళంచెవి ఎప్పుడూ నా కోటు జేబులోనే ఉండేది, తీసి ఆ చేతిలో పెట్టాను. మిగతా పని నా పక్క బల్ల అమెరికన్ చూస్తాడనీ, నన్ను ఇంటికి వెళ్ళమనీ అన్నారు.

నేను ఇంటికెళ్ళి ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పలేను. నా మనసులో అనుమానం అన్నది లేదు. అలసిపోయిన బౌలర్ చేతిలో నుంచి బంతి తీసుకుంటారు, కాసేపు బౌండరీ దగ్గర నిలబెడతారు, కొత్త ఊపిరి వచ్చాక మళ్ళీ పిలిచి ఇంకో స్పెల్, అంటే ఇంకొన్ని వరుస ఓవర్లు, వేయిస్తారు. నాన్నగారి రేడియో నాకు నేర్పింది అదే. మర్నాటి నుంచి తేలిక పనులు చేసుకుంటూ, కూనిరాగాలు తీస్తూ తిరిగాను. పెద్దావిడ దారిలో కనపడి అకారణంగా నా భుజం నిమిరేది. అమెరికన్ నా కళ్ళలోకి చూడడం మానేశాడు. ఈ మనుషులు ఒక మనిషి నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటే ఇంత హడావుడి చేస్తారేమిటని నవ్వుకున్నాను.

శుక్రవారం వచ్చింది. చేపలొచ్చాయి, యుద్ధం మొదలైంది. ఆ రోజు వాదన, విసిరేవాడి చేతిలో నుంచి ఏ క్షణాన బంతి తీసుకోవాలో కనిపెట్టడంలో ఎవరు దిట్ట అన్నదాని మీద నడిచింది. వింటూ వింటూ నేను, సరేగానీ, తీసేసినవాణ్ణి మీ మేనేజరు మళ్ళీ ఎప్పుడు పిలుస్తాడని అడిగాను.

పెద్దావిడ ఫోర్కు కింద పెట్టింది. అమెరికన్ నా వైపు జాలిగా చూసి, నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. పిలవడు. ఈ ఆటలో ఒకసారి బయటికి తీసుకెళ్ళినవాడు ఆ ఆటలోకి మళ్ళీ రాడు. స్నానం చేసి ఇంటికి పోతాడు.

అప్పుడు అర్థమైంది నాకు. భుజం నిమరడం, కళ్ళు తప్పించడం, అన్నీ అర్థమయ్యాయి. నేను స్పెల్ మధ్యలో ఉన్నాననుకుంటున్నాను, వీళ్ళేమో నన్ను సాగనంపేశారు. రెండేళ్ళ నా పని, నా పేరు, చంటిపిల్లను వేసుకుని ఎక్కవలసిన విమానం, హనుమకొండలో ఏమైందమ్మా వచ్చేశావని అడిగే మొహాలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. దుఃఖం కంటే ముందు నాకు కోపం వస్తుంది, అది మా ఇంటి గుణం. ఓటు లేని నేను మొదటిసారి ఆ యుద్ధంలోకి దిగాను.

మీ మేనేజర్లెవరూ గొప్పవాళ్ళు కారు అన్నాను. బంతి తీసుకోవడం సగం పనే. ఎవరు అలసిపోయారో కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. అలసట ఎప్పుడు తీరిందో కనిపెట్టి, మళ్ళీ పిలిచి బంతి చేతిలో పెట్టడమే కష్టమైన సగం. మా వీధిలో కెప్టెన్ అయిన ప్రతి పిల్లవాడికీ అది తెలుసు, మీ మహామహులకు నేర్చుకునే అవసరమే రాలేదు. అమెరికన్ వెంటనే, అది రూలు కదా, మేనేజర్ల తప్పేముంది అన్నాడు. ఆటలో రూలు సరే, ఈ భవనంలో ఆ రూలు ఎవరు పెట్టారని అడిగాను. నా జర్మన్ అంతంతమాత్రం, ఆ రోజు మాత్రం ఎక్కడా తడబడలేదు.

ప్రొఫెసర్‌గారు తల ఎత్తకుండా చేపలో ముళ్ళు ఏరుకుంటూ కూర్చున్నారు.

ఆ శనాదివారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. మావారు వచ్చి, వెళ్ళి ఆయన్నే నేరుగా అడగమన్నారు. నేను అడగనన్నాను. మనసులోనే సామాన్లు సర్దడం మొదలుపెట్టాను. ప్రెషర్ కుక్కర్ తీసుకుపోవాలి, దుప్పట్లు పక్కింటి బామ్మకు ఇచ్చేయాలి, ఉయ్యాల ఎవరికివ్వాలి అని ఆలోచిస్తూ పిల్లను ఊపుతూ కూర్చున్నాను.

సోమవారం క్యాంటీన్‌కి వెళ్ళకూడదనుకుని కూడా వెళ్ళాను. బల్ల మధ్యలో ఒక ఆపిల్ కేకు ఉంది. నడిమధ్య కుంగిపోయి, ఒక పక్క మాడిపోయి, చూస్తేనే తెలుస్తోంది, జన్మలో పొయ్యి దగ్గరికి పోని మనిషి చేసిందని. పక్కన అమెరికన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరి పుట్టినరోజని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళలో ఆ నియమం కింద వచ్చిన మొదటి కేకు అది. పెద్దావిడ దాన్ని పైనుంచీ కిందనుంచీ పరీక్షించి, ఓడిపోవడం ఇంత అధ్వాన్నంగా ఉంటుందని తెలిసే నేనెప్పుడూ ఒప్పుకోలేదు అంది.

అప్పుడు ప్రొఫెసర్‌గారు అమెరికన్ వైపు తిరిగి అరచెయ్యి చాపారు. అతను జేబులోంచి తాళంచెవి తీసి అందులో పెట్టాడు. పెట్టినవాడు ఊరికే ఉండకుండా, ఆట మధ్యలో అలిగిన మేనేజర్లు చేసినట్టు నేలను బూటుతో తన్ని, లేని దుమ్ము మా అందరి మీదకు రేపినట్టు నటించి, అప్పుడు పకపకా నవ్వాడు. ప్రొఫెసర్‌గారు ఆ తాళంచెవిని నా ప్లేటు పక్కన పెట్టారు. శనివారం లైబ్రరీకి పోయి క్రికెట్ పుస్తకం తిరగేశాననీ, చాలా వింత ఆట అనీ, దీన్నే సెకండ్ స్పెల్ అంటారు కదూ అనీ అన్నారు.

నేను ఏడ్చానా అంటే ఏడ్చాను, కేకు తింటూనే. ఉప్పగా ఉందని పెద్దావిడ ఏడిపించింది.

ఎంజైము దొరికింది. పేపరు వచ్చింది, కాంట్రాక్టు వచ్చింది, కొన్నాళ్ళకు మావారు కూడా ఈ ఊరికే వచ్చేశారు, మా అమ్మాయి ఈ నది ఒడ్డునే నడక నేర్చుకుంది. కోల్డ్ రూమ్ తప్పినందుకు తనే ఎక్కువ సంతోషించాననీ, అందులో తన ముక్కు ఆగకుండా కారేదనీ అమెరికన్ తర్వాత చెప్పాడు. చాలా ఏళ్ళ తర్వాత, ప్రొఫెసర్‌గారు పదవీ విరమణ చేసిన రోజున ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నన్ను మళ్ళీ పిలుద్దామనుకునే తాళంచెవి తీసుకున్నారా అని. నాకే తెలియదు, నీ చేతులు వణకడం మాత్రం చూశాను అన్నారు. ఆయన మీద నా గౌరవం ఆ జవాబుతో పెరిగింది. అవునని చెప్పి ఉంటే ఎంత సులువుగా పోయేది.

ఇదంతా మైదానం గట్టు మీద కూర్చుని కరీంనగర్ అమ్మాయికి చెప్పాను. మధ్యలో మా పిల్ల బెంచీ దగ్గర నుంచి వచ్చి, "అమ్మమ్మా, దస్ ఇస్ట్ ఉన్‌ఫెయర్!" అని నా ఒళ్ళో తల పెట్టి, అన్యాయమంటూ కాసేపు ముక్కు చీది, పులిహోర తిని, ఆ తాత దగ్గరికే పరుగెత్తి వచ్చే ఆదివారం గురించి అడిగి వచ్చింది. మళ్ళీ బంతి ఇస్తానన్నాడట. ఆ వయసులో వచ్చే ఆదివారం ఎప్పుడూ ఉంటుంది.

అంతా విని కరీంనగర్ అమ్మాయి, ఇంతకీ ఎవరు గొప్ప అని ఫోన్ తీసి దాన్నే అడిగింది. అది చిటికెలో ఒక పేరు చెప్పింది, పేరు కింద కారణాలు కూడా చెప్పింది. ఆ అమ్మాయి చదివి వినిపించి, ఫోన్ సంచిలో పడేసి, సీసా మూత తీసి నీళ్ళు తాగింది. ఎన్నో శుక్రవారాలు మేము తేల్చలేకపోయింది ఆ పిల్ల గుటక వేసేలోగా తేలిపోయింది. ఫోన్ చెప్పింది అమెరికన్ చెప్పిన ఆ ముసలాయన పేరే. నాకు చెప్పలేనంత వెలితిగా అనిపించింది.

"మరి మీ ఓటెవరికి ఆంటీ?" అంది.

ఎప్పుడూ వెయ్యలేదు, వేస్తే మా ప్రొఫెసర్‌గారికే అన్నాను.

"గట్లెట్ల ఆంటీ? ఆయన అసలు బేస్‌బాల్ మేనేజరే గాదు గద!"

అమెరికన్ ఉంటే సరిగ్గా అదే మాట, బల్ల గుద్ది మరీ, అనేవాడు. వాదించడానికి నోరు తెరిచాను కూడా. కానీ పెద్దావిడ పోయి చాలా కాలమైంది. అమెరికన్ తన దేశం వెళ్ళిపోయాక కొన్నేళ్ళు క్రిస్మస్‌కు కార్డులు రాశాడు, తర్వాత అవీ ఆగిపోయాయి. ప్రొఫెసర్‌గారు వృద్ధుల ఆశ్రమంలో కిటికీ పక్కన కూర్చుని ఉంటారు, వెళితే నన్ను చాలా మర్యాదగా ఎవరండీ మీరని అడుగుతారు. మా క్యాంటీన్‌లో ఇప్పుడు ఇద్దరిద్దరు కూర్చునే చిన్న బల్లలు వేశారని విన్నాను.

తెరిచిన నోరు మూసుకున్నానంటే ఓడిపోయినట్టు ఒప్పుకున్నట్టే, ఎంతైనా నియమం నియమమే కాబట్టి, సోమవారం పొద్దున్నే లేచి ఆపిల్ కేకు చేశాను. బడి నుంచి వచ్చిన మనవరాలు దాన్ని చూసి ఎవరి పుట్టినరోజని అడిగింది. పుట్టినరోజు కాదు, అమ్మమ్మ ఒక వాదనలో ఓడిపోయిందని చెప్పాను.

"గేగెన్ వెన్?" అంది కేకు నోట్లో పెట్టుకుంటూ, ఎవరి చేతిలో అని.

ఎవరి చేతిలోనో చెబుదామనుకున్నాను. ఒక్కొక్కరే కళ్ళ ముందుకు వచ్చారు, తెల్లకోట్లలో, చేపల ప్లేట్లతో. పేర్లు చెప్పినా ఆ పిల్లకు వాళ్ళెవరో తెలియదు. ఇంకో ముక్క కోసి దాని ప్లేటులో పెట్టి, మిగిలిన కేకు మీద మూత పెట్టాను.